తిరగని కాళ్ళు, తిరిగిన లోకాలు

“తిరగక మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది” అన్న సామెత వినకుండా పెరిగినవాళ్ళు మనలో తక్కువే. మా ఇంట్లో దీన్ని ఎవరూ కోపంగా అనేవారు కాదు. నవ్వుతూనే అనేవారు. అయినా దాని పని అది చేసేది. మగవాడికి తిరగడం అంటే చదువు, సంపాదన, లోకజ్ఞానం. ఆడదానికి అదే తిరగడం శీలానికి సంబంధించిన సంగతి. “తిరుగుబోతు” అన్న మాట మగవాడికి అంటుకుంటే కొంత అల్లరి, కొంత సరదా. ఆడదానికి అంటుకుంటే ఆ మరక ఇక వదలదు. గడప దాటనివ్వకుండా చూడడానికి వేరే కాపలా అక్కర్లేకుండా భాషే ఆ పని చేసిపెట్టింది.

ప్రయాణాల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ సామెత గుర్తొస్తుంది. ఆ చరిత్ర అంతా తిరిగినవాళ్ళది. తిరగడానికి వీల్లేనివాళ్ళు లోకాన్ని ఎలా చూశారు? అసలు చూడకుండానే బతికారా? ఇంట్లో కూర్చుని, చేతిలో ఏదో పని పెట్టుకుని, మనసుని ఎక్కడెక్కడికి పంపారు? కాలక్షేపం అని మనం తేలిగ్గా తీసిపారేసే పాటలు, ఆటలు, బొమ్మలు, ముగ్గులు, పత్రికలు వాళ్ళకి ఏ దారులు తెరిచాయి? ఆ దారులు ఎవరి అదుపులో ఉన్నాయి? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నల వెంట కొంత దూరం వెళ్ళాలని నా ప్రయత్నం.

గది చుట్టూ ప్రయాణం

ఇంట్లో ఉండి చేసే ప్రయాణం గురించి ఎవరు రాసినా ముందుగా జేవియర్ ద మేస్త్ర్ అనే సైనికాధికారి పేరు చెబుతారు. 1790లో ట్యూరిన్ నగరంలో ఒక ద్వంద్వయుద్ధంలో పాల్గొన్నందుకు ఆయనకి నలభై రెండు రోజుల గృహనిర్బంధం విధించారు. ఆ రోజుల్లో తన గదిలో మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బల్లకి, గోడమీది పటాలకి చేసిన “ప్రయాణాన్ని” నలభై రెండు అధ్యాయాలుగా రాశాడు. 1794లో అది పుస్తకంగా వచ్చింది. పెద్ద పెద్ద యాత్రాగ్రంథాలను వెక్కిరిస్తూ రాసిన సరదా పుస్తకం అది. బాగుంటుంది కూడా.

కానీ ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నా కళ్ళు ఇంకొకరి మీద ఉన్నాయి. ఆయన సేవకుడు జొవానెత్తి. పొద్దున్నే కాఫీ పెట్టి తెచ్చేది అతను. గది సర్దేది అతను. కుర్చీలో వెనక్కి వాలి తత్వచింతన చేసే యజమాని ఊహ ఎంత దూరమైనా పోగలిగింది, కాఫీ వేళకి కాఫీ వచ్చింది కాబట్టి. ఇంకొక సంగతి, నలభై రెండు రోజులు కాగానే ఆయన బయటికి వచ్చేశాడు. నాలుగు గోడల మధ్య ఉండడం ఆయనకి ఒక శిక్ష. శిక్ష కాబట్టే అది చెప్పుకోదగ్గ విషయమైంది, హాస్యం అయింది, సాహిత్యమైంది. అదే నాలుగు గోడల మధ్య ఏ నేరమూ చెయ్యకుండా జీవితమంతా గడిపిన స్త్రీలకి అది మామూలు బతుకు. మామూలు బతుకు గురించి ఎవరు పుస్తకం రాస్తారు? పైగా తమ కాఫీతోపాటు అందరి కాఫీలూ పెట్టాల్సింది వాళ్ళే అయినప్పుడు?

పరివారంలో ఆడవాళ్ళు

మన తెలుగులో యాత్రాసాహిత్యం అనగానే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర గుర్తొస్తుంది. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరుకున్నాడాయన. వెంట దాదాపు వంద మంది పరివారం. దారిలో చూసిన ఊళ్ళు, సత్రాలు, పంటలు, ధరలు, కులాలు, అధికారులు అన్నీ శ్రద్ధగా రాశాడు. ఆ కాలపు చరిత్రకి అది విలువైన ఆధారం. ఆ పరివారంలో స్త్రీలూ ఉన్నారు. అదే దారిన వెళ్ళారు, అవే నదులు దాటారు. వాళ్ళు ఏం చూశారో మనకి తెలియదు. అంటే ప్రయాణం చెయ్యడం ఒక్కటే చాలదు. చూసినదాన్ని తనదిగా చెప్పుకునే అవకాశం కూడా ఉండాలి.

ఆ అవకాశం దక్కించుకున్న అరుదైన స్త్రీ పోతం జానకమ్మ. 1870లలో భర్త రాఘవయ్యతో కలిసి ఇంగ్లండు వెళ్ళి వచ్చి, ఆ అనుభవాలు తెలుగులో రాసుకుంది. 1876లో మద్రాసు నుంచి అవి ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. సముద్రం దాటితే మగవాడికే కులం పోతుందన్న రోజులవి. చాలాకాలం పాటు మన సాహిత్య చరిత్రల్లో ఆమెకి చోటు లేకపోవడం నాకేమీ ఆశ్చర్యం కలిగించదు.

మరి వెళ్ళనివాళ్ళు? వాళ్ళకి పాటలున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అంట్లు తోమడం అయ్యాక, రాత్రి వంట మొదలు కాకముందు దొరికే ఆ రెండు గంటల్లో ఆడవాళ్ళు పాడుకున్న రామాయణపు పాటల గురించి వెల్చేరు నారాయణరావు 1991లో ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. ఆ పాటల్లో కథ ఎక్కువగా ఇంటిలోపలే జరుగుతుందని ఆయన గమనించారు. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, వేవిళ్ళు, అత్తాకోడళ్ళ తగాదాలు ముందుకొస్తాయి. యుద్ధాలు వెనక్కి పోతాయి.

వీటిలో ఊర్మిళాదేవి నిద్ర పాట నాకు ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది. రాముడు, సీత, లక్ష్మణుడు పధ్నాలుగేళ్ళు అడవులు తిరిగారు. ఊర్మిళ ఇంట్లో ఉండిపోయింది. ఉండిపోయి ఏం చేసింది? నిద్రపోయింది. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే, ఆమె అతన్ని గుర్తుపట్టదు. పరాయి ఆడదాని గదిలోకి వచ్చినవాళ్ళకి పూర్వం ఏ గతి పట్టిందో చెప్పి గద్దిస్తుంది. ఈ పాటని భర్తకోసం నిరీక్షణగా, పాతివ్రత్యంగా వివరించడం అలవాటు. నాకు మాత్రం అందులో ఇంకో అర్థం కనిపిస్తుంది. తీసుకెళ్ళకుండా వదిలేసిన స్త్రీ, ఆ ఇంట్లో పధ్నాలుగేళ్ళ పాటు ఎవరికీ అందుబాటులో లేకుండా పోయింది. అడవికి వెళ్ళినవాళ్ళ ప్రయాణం గురించి కావ్యాలొచ్చాయి. ఊర్మిళ నిద్రలో ఎక్కడెక్కడ తిరిగిందో అడిగినవాళ్ళు లేరు. ఆ ప్రశ్నకి చోటు ఉంచింది ఆడవాళ్ళ పాట ఒక్కటే.

పటం మీద పావులు

మా అమ్మమ్మగారింట్లో వైకుంఠపాళి పటం ఉండేది. పరమపద సోపాన పటం అనీ అనేవాళ్ళం. పాములు, నిచ్చెనలు, కింద నరకాలు, పైన వైకుంఠం. గవ్వలు వేసి పావులు జరుపుకుంటూ ఒక మధ్యాహ్నంలో నాలుగుసార్లు వైకుంఠం చేరేవాళ్ళు మా అమ్మమ్మ, ఆమె తోడికోడళ్ళు. అసలు యాత్రలకి మగవాళ్ళ అనుమతి కావాలి, ఖర్చు కావాలి, తోడు కావాలి. ఈ యాత్రకి ఆరు గవ్వలు చాలు.

సంక్రాంతి వెళ్ళే రోజుల్లో వేసే రథం ముగ్గు కూడా ఇలాంటిదే. వాకిట్లో రథం గీసి, దాని తాడుని పక్కింటి వాకిలి దాకా సాగదీస్తారు. ఆ ఇంటావిడ తన రథం గీసి తాడుని ఆ పై ఇంటికి కలుపుతుంది. అలా వీధి వీధంతా ఒకే తాడుతో కట్టేసినట్టు కనిపిస్తుంది. ఏడాదికోసారి ఆడవాళ్ళు తమ చేత్తో రథాలు గీసి వీధికి కదలిక తెచ్చారు. తెల్లారి ఆ ముగ్గుల మీద నుంచి బళ్ళు పోయేవి. గీసినవాళ్ళు మళ్ళీ లోపలికి పోయేవారు.

ఇక్కడ ఒక అమెరికా ఆట సంగతి చెప్పాలి. నెల్లీ బ్లై అనే విలేకరి 1889 నవంబరు 14న ఒక చిన్న చేతిసంచీతో ఒంటరిగా బయల్దేరి, 72 రోజుల్లో భూమిని చుట్టి 1890 జనవరి 25న తిరిగి వచ్చింది. అంతకు ఏడాది ముందు ఆమె ఈ ఆలోచన చెప్పినప్పుడు, ఆడదానికి తోడు కావాలి, బోలెడు పెట్టెలు కావాలి, ఈ పని మగవాడే చెయ్యగలడని పత్రిక పెద్దలు కొట్టిపారేశారట. ఆమె తిరిగి రాగానే అదే పత్రిక ఆ ప్రయాణాన్ని ఆటపటంగా అచ్చువేసింది. రోజుకొక గడి. తర్వాత ఒక ఆటబొమ్మల కంపెనీ దాన్ని పెట్టెల్లో పెట్టి అమ్మింది. వేలాది ఇళ్ళలో పిల్లలూ ఆడవాళ్ళూ నెల్లీ బ్లై పావుని జరుపుతూ సూయజ్, కొలంబో, హాంకాంగ్ దాటారు.

ఈ ఆటని నేను రెండు రకాలుగా చూస్తాను. ఒక స్త్రీ నిజంగా చేసిన ప్రయాణం ఇంట్లో ఉన్న ఎందరో ఆడపిల్లలకి “నేనూ వెళ్ళగలను” అన్న ఊహనిచ్చింది. అదే సమయంలో, వెళ్ళాలన్న కోరికని ఒక అట్టముక్క మీద తీర్చేసి అక్కడితో ఆపేసింది కూడా. ఆట దారి తెరుస్తుందా, దారికి బదులు నిలుస్తుందా అన్నది ఆ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఈ రెండో ప్రశ్న ఇప్పటి తెరల దాకా మనల్ని వదలదు.

కటకాల వెనక కళ్ళు

“ఉన్నచోటే ఉండి లోకాన్ని చూడండి” అన్న వ్యాపారం కంప్యూటర్లతో మొదలు కాలేదు. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ స్టీరియోస్కోప్ సూత్రాన్ని వివరించాడు. కొంచెం తేడాతో ఉన్న రెండు బొమ్మలను రెండు కళ్ళకీ విడివిడిగా చూపిస్తే, మెదడు వాటిని కలిపి లోతున్న ఒకే దృశ్యంగా చూస్తుంది. తర్వాత డేవిడ్ బ్రూస్టర్ కటకాలతో చిన్న పరికరం తయారుచేశాడు. ఫోటోగ్రఫీ తోడవడంతో 1850ల నుంచి అది ఇంగ్లండు, అమెరికాల్లో మధ్యతరగతి ఇళ్ళ ముందుగదుల్లోకి చేరింది. ఈజిప్టు, ఇటలీ, జపాన్, ఇండియా పేర్లతో బొమ్మల పెట్టెలు, వాటితో పటాలు, వివరించే పుస్తకాలు అమ్మారు. అండర్‌వుడ్ కంపెనీ జేమ్స్ రికాల్టన్ తీసిన వంద బొమ్మలతో ఇండియా పెట్టె తెచ్చింది. దాని వివరణ పుస్తకం 1907లో వచ్చింది. ఇన్నో నంబరు బొమ్మ దగ్గర నిలబడి ఇటు చూడండి, అటు చూడండి అంటూ ఇంట్లో కూర్చున్నవాళ్ళని వెంటబెట్టుకుని తిప్పే పద్ధతి అది. ఇప్పటి వర్చువల్ యాత్రల పద్ధతి దానికి ఎంత దగ్గరగా ఉందో చూస్తే నవ్వొస్తుంది.

ఆ కాలంలోనే అమెరికాలో గృహిణులు ప్రయాణ సంఘాలు పెట్టుకున్నారు. ఒక ఏడాదికి ఒక దేశం ఎంచుకుని, వారం వారం ఒక్కో ఊరు “చేరుతూ”, వంతులవారీగా వ్యాసాలు చదివేవాళ్ళు. ఆ దేశపు దుస్తులు కట్టి, ఆ దేశపు వంటలు చేసి తినేవాళ్ళు. చరిత్రకారిణి క్రిస్టిన్ హోగన్‌సన్ 2007లో వచ్చిన పుస్తకంలో ఈ సంఘాల గురించి వివరంగా రాశారు. కాలేజీ మెట్లెక్కని స్త్రీలకి ఇవి చదువుకునే చోట్లు. వేదిక మీద నిలబడి మాట్లాడడం, పరిశోధించడం, రాయడం అక్కడే నేర్చుకున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ వాళ్ళు చూసింది ఎవరిని? ఆ కటకాల అవతల ఉన్నది మనం. నీళ్ళ బిందెలు మోసే ఆడవాళ్ళు, నాట్యకత్తెలు, పర్దాల వెనక బేగాలు, ఏడుస్తున్న బాలవితంతువులు. తూర్పుదేశపు స్త్రీలు ఎంత దీనంగా ఉన్నారో చూసి, తమ అదృష్టానికి సంతోషించి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. తమకి అప్పటికి దేశమంతటా ఓటు హక్కు కూడా లేదన్న సంగతి ఆ బొమ్మల ముందు కాసేపు మరుగున పడేది. ఇంటి నుంచి కదలకుండా చూసే లోకాన్ని మన కోసం ఎవరో ముందే ఎంచి పెడతారు. ఆ ఎంపికలో సామ్రాజ్యం ఉంది, వ్యాపారం ఉంది. స్త్రీలం కాబట్టి మన చూపు దానంతట అదే నిర్దోషి అయిపోదు. ఈ మాట మనకి మనం చెప్పుకోవాల్సిందే.

పడక కుర్చీలోంచి

పర్దా వెనక ఉన్న స్త్రీ కూడా లోకాన్ని చూస్తోందని ఆ సంఘాలవాళ్ళకి తెలియదు. 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టిన రొకేయా, ఐదేళ్ళ వయసు నుంచే పరాయి ఆడవాళ్ళ ముందుకి కూడా రాకుండా దాక్కోవలసి వచ్చింది. ఇంగ్లీషు, బెంగాలీ చదువులు ఆడపిల్లలకి పనికిరావన్న ఇంట్లో, రాత్రి అందరూ పడుకున్నాక అన్న ఇబ్రహీం దగ్గర దీపం వెలుగులో ఇంగ్లీషు నేర్చుకుంది. పెళ్ళయ్యాక భాగల్‌పూర్‌లో ఉంటున్నప్పుడు, డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న భర్త సఖావత్ హుస్సేన్ పనిమీద ఊళ్ళు తిరిగేవాడు. అలా ఆయన వెళ్ళిన ఒక సందర్భంలో, ఇంట్లో ఒంటరిగా ఉండి, పొద్దుపోక, తన ఇంగ్లీషుని పరీక్షించుకోడానికి ఒక కథ రాసింది. అదే సుల్తానా కల. భర్త తిరిగొచ్చి నిలబడే మొత్తం చదివి, ఇది భయంకరమైన ప్రతీకారం అన్నాడని ఆమే తర్వాత చెప్పింది.

భర్త ప్రయాణంలో ఉన్నాడు, భార్య ఇంట్లో ఉంది. ఎవరు ఎక్కువ దూరం వెళ్ళారు? కథలో సుల్తానా తన పడకగదిలో పడక కుర్చీలో కూర్చుని భారతీయ స్త్రీల స్థితి గురించి ఆలోచిస్తూ ఉంటుంది. సిస్టర్ సారా వచ్చి ఆమెని బయటికి తీసుకెళుతుంది. ముసుగు లేకుండా పట్టపగలు వీధిలో నడవడానికి ముందు సిగ్గుపడుతుంది సుల్తానా. వీధుల్లో మగవాళ్ళే లేరు. ఆ దేశంలో మగవాళ్ళందరూ లోపలి గదుల్లో ఉంటారు. స్త్రీలు ఎండ వేడిని పట్టి వంట చేస్తారు, మబ్బుల్లోంచి నీళ్ళు తీసుకుంటారు, గాలిలో ఎగిరే బండ్లలో తిరుగుతారు. రోజుకి రెండు గంటలు పనిచేస్తే చాలు. చివరికి అలాంటి ఎగిరే బండి లోంచి జారిపడి, కళ్ళు తెరిచేసరికి అదే పడక కుర్చీ.

ఈ కథ 1905లో మొదట అచ్చయింది కలకత్తాలో కాదు, మద్రాసులో. ఇండియన్ లేడీస్ మ్యాగజీన్ అనే పత్రికలో. దాన్ని 1901లో మొదలుపెట్టి నడిపింది మన రాజమండ్రిలో పుట్టిన కమలా సత్తియనాథన్. బెంగాలీ ముస్లిం స్త్రీ భాగల్‌పూర్‌లో కూర్చుని కన్న కల, తెలుగు క్రైస్తవ స్త్రీ మద్రాసులో నడిపే పత్రికలో వెలువడడం, దాన్ని దేశంలో ఎక్కడెక్కడో ఇళ్ళలో ఉన్న స్త్రీలు చదవడం. స్త్రీల పత్రికల చరిత్రని నేను ప్రయాణాల చరిత్రగా చదవడం మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. మనుషులు కదలలేని చోట తపాలా కదిలింది.

రొకేయా అక్కడితో ఆగలేదు. భర్త పోయాక 1909లో భాగల్‌పూర్‌లో ఐదుగురు పిల్లలతో బడి పెట్టింది. 1911లో కలకత్తాలో మళ్ళీ ఎనిమిది మందితో మొదలుపెట్టింది. తర్వాత 1931లో పుస్తకంగా వచ్చిన అబరోధ్‌బాసినిలో పర్దా గురించి నలభై ఏడు సంఘటనలు రాసింది. అందులో ఒకటి చదివాక మర్చిపోవడం కష్టం. రైలు మారుతూ ఒక స్త్రీ బురఖా తట్టుకుని పట్టాల మధ్య పడిపోయింది. లేపడానికి వచ్చిన మగవాళ్ళని ముట్టుకోనివ్వలేదు వెంట ఉన్న దాసి. రైలు కదిలింది. సుల్తానా కలలో ఎగిరే బండి రాసిన చెయ్యే ఇదీ రాసింది. ఇంట్లో ఉండి కన్న కల ఆమెకి లోకం నుంచి పారిపోయే దారి కాలేదు. ఏం మారాలో చూసుకునే కొలబద్ద అయింది.

సుల్తానా కల వచ్చిన ఆ 1905లోనే మన భండారు అచ్చమాంబ ముప్ఫై ఒక్కేళ్ళు నిండకుండానే చనిపోయింది. ఆమె బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. మధ్యపరగణాల్లో, తెలుగు పుస్తకాలు సులువుగా దొరకని చోట ఉంటూ, హిందీ, మరాఠీ, బెంగాలీ నేర్చుకుని, దేశంలో నానా ప్రాంతాల స్త్రీల చరిత్రలు సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది. పురాణ స్త్రీల గురించి రెండో భాగం, విదేశాల స్త్రీల గురించి మూడో భాగం రాయాలనుకుంది. ఆ మూడో భాగం ఆమె వెళ్ళని యాత్ర. అయితే రాసిన ఆ చదువే ఆమెని బయటికి నడిపించింది. చివరి ఏళ్ళలో ఆంధ్రదేశమంతా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది.

రంగం నుంచి వచ్చిన పెట్టె

మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. ఆ వైపు రంగూన్‌ని రంగం అంటారు. ఆమె బొమ్మల కొలువులో కొండపల్లి దశావతారాల పక్కన ఒక నల్లటి లక్కపెట్టె ఉండేది. ఆమె మేనమామ రంగం నుంచి తెచ్చిందట. దాని మీద ఎర్రగీతల్లో పడవలు, గోపురాలు. కొలువు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళకి ఆమె ఆ పెట్టెని చూపించి రంగం ఎలా ఉంటుందో గంటసేపు చెప్పేది. రేవు, బియ్యం మిల్లులు, పెద్ద గోపురం, రంగుల లుంగీలు కట్టి బజారులో కొట్లు నడిపే బర్మా ఆడవాళ్ళు. అక్కడ ఆడవాళ్ళే బేరాలు చేస్తారట అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగేది. ఆమె రంగం వెళ్ళలేదు. విశాఖపట్నం కూడా రెండుసార్లే చూసింది.

ఆ కొలువుకి వచ్చినవాళ్ళలో పక్క పేటల ఆడవాళ్ళు లేరన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. నిజంగా రంగం వెళ్ళొచ్చినవాళ్ళు ఆ పేటల్లోనే ఉన్నారు. మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళిన కుటుంబాలు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక, 1942లో కొండలు అడవులు పట్టి నడిచి వచ్చిన కుటుంబాలు. వాళ్ళు మా అమ్మమ్మ పొలంలో నాట్లు వేసేవాళ్ళు. రంగం గురించి మా ఇంట్లో వాళ్ళనెవరూ అడగలేదు.

అందుకే “ఇంట్లో బందీలైన స్త్రీ” అన్న మాట వాడేటప్పుడు ఏ స్త్రీ అని ఆగి అడగాలి. గడప దాటకపోవడం కొన్ని కులాల పరువు. ఆ పరువు నిలబడడానికి గడప బయట పనిచేసే ఆడవాళ్ళు కావాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నాటాల్‌లోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తొలి భారతీయులు అందులో ఉన్నారు. తెలుగువాళ్ళున్నారు, స్త్రీలున్నారు. జానకమ్మ ఇంగ్లండు వెళ్ళడానికి పదేళ్ళకి పైగా ముందే ఈ స్త్రీలు సముద్రం దాటారు. వాళ్ళ యాత్రాగ్రంథం ఓడ జాబితాలో ఒక్క వరుస. ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు. ఇంట్లో కూర్చుని లోకాన్ని ఊహించుకునే తీరిక లేని స్త్రీలు లోకాన్ని కాళ్ళతో కొలిచారు. ఇల్లు అనే దాన్ని ఊహించుకోవడమే బహుశా వాళ్ళ కాలక్షేపం.

పాత కెరటాలు

మా అమ్మ తరానికి వచ్చేసరికి లోకం ఇంటికి రావడం పెరిగింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. అప్పడాలు ఒత్తుతూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినగలిగింది రేడియో. చేతులకీ కళ్ళకీ పని ఉన్నా చెవులు ఖాళీయే కదా. చదవడానికి మాత్రం కూర్చోవాలి, అదే ఇబ్బంది.

ఆ ఇబ్బంది తెలిసిన రచయిత్రి మాలతీ చందూర్. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికతో దశాబ్దాలపాటు పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చారు. తెలుగు ఇళ్ళలో పెళ్ళికూతురి సామానులో చేరిపోయిన వంటల పుస్తకం ఆమెదే. స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు పేరుతో ప్రపంచ నవలలను నెల నెలా తెలుగులో పరిచయం చేసిందీ ఆమే. ఇంగ్లీషు చదవలేని, గ్రంథాలయానికి వెళ్ళలేని ఎందరో గృహిణులకి రష్యా, ఫ్రాన్సు, ఇంగ్లండు నవలలు అలా అందాయి. మా అమ్మకి అన్నా కరెనినా తెలిసింది టాల్‌స్టాయ్ నుంచి కాదు, మాలతీ చందూర్ నుంచి. పోపు వేగుతుండగా గరిటె పట్టుకునే చదివేసి, “రైలు కింద పడిపోయిందే పాపం, ఆయనకేం కాలేదు” అంది. ఇంతకంటే క్లుప్తమైన విమర్శ నేను విశ్వవిద్యాలయంలో వినలేదు.

సాహిత్య విమర్శకులు ఈ పరిచయాలను ఎంతగా పట్టించుకున్నారు? “సారాంశాలు”, “ఆడవాళ్ళ కాలక్షేపం” అని పక్కన పెట్టేశారు. వంట పుస్తకం రాసినావిడే ప్రపంచ నవలలు చెప్పడం వాళ్ళకి పొసగలేదేమో. కానీ ఆ పాఠకురాలికి రెండూ ఒకే మనిషి నుంచి రావడంలోనే నమ్మకం ఉంది. పచ్చడి కొలతలు సరిగ్గా చెప్పిన మనిషి లోకం సంగతి కూడా సరిగ్గానే చెబుతుంది అని.

తెర ముందు ఎవరు

2007లో గూగుల్ స్ట్రీట్ వ్యూ మొదలయ్యాక ఏ వీధిలోనైనా “నడవడం” సాధ్యమైంది. మన దేశంలో అది 2022లో హైదరాబాదు సహా పది నగరాలతో వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు లోకమంతా ఒక్కసారిగా ఇంట్లో ఉండిపోయింది. మ్యూజియాల వర్చువల్ యాత్రలు, కదలకుండా ప్రపంచాన్ని చుట్టే మార్గాలు, ఇంట్లో పొద్దుపుచ్చుకునే ఉపాయాలు పత్రికలనిండా వచ్చాయి. ఇంట్లో ఉండడం మగవాళ్ళకి కూడా శిక్ష కాగానే అది మళ్ళీ చెప్పుకోదగ్గ విషయమైంది. ద మేస్త్ర్ పుస్తకాన్ని అందరూ మళ్ళీ గుర్తుచేసుకున్నారు. జొవానెత్తి పని ఎవరు చేస్తున్నారని అడిగినవాళ్ళు తక్కువ.

లెక్కలు చూద్దాం. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనుల్లో రోజూ పాల్గొనే స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పాల్గొన్నవాళ్ళలో స్త్రీలు వెచ్చించింది సగటున 299 నిమిషాలు, పురుషులు 97. 2024 సర్వేలో అవి 289, 88. అయిదేళ్ళలో స్త్రీలకి తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకి కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దేశంలో 33.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ అదే సర్వేలో బజారుకి, ఆసుపత్రికి, ఊరు దాటి మూడింటికీ ఒంటరిగా వెళ్ళడానికి అనుమతి ఉన్నవాళ్ళు 42 శాతమే. వీధి చివరి సంతకి ఒంటరిగా వెళ్ళలేని స్త్రీకి పారిస్ వీధిని ఫోనులో చూపించి లోకం నీ చేతిలో ఉందనడం నాకు మింగుడు పడదు.

అలాగని తెరని తోసిపుచ్చడం లేదు. వైకుంఠపాళి పటాన్ని, లక్కపెట్టెని, పాత కెరటాలను ఎలా తోసిపుచ్చలేనో దీన్నీ అంతే. మంచం పట్టిన స్త్రీకి, పసిబిడ్డని వదల్లేని స్త్రీకి, డెబ్బై ఏళ్ళ వయసులో మొదటిసారి తన ఫోనులో మానససరోవరం చూసుకున్న స్త్రీకి అది ఇచ్చే ఆనందం అబద్ధం కాదు. ఊహలో చేసే ప్రయాణం విలువ ఏమిటని అడిగితే, రొకేయా బడి, అచ్చమాంబ స్త్రీ సమాజాలు నా జవాబు. నా పేచీ ఊహతో కాదు. ఊహ ఉంది కదా, ఇంకేం కావాలి అనేవాళ్ళతో.

2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం వచ్చింది. దాని ఖర్చు గురించి, బస్సుల కొరత గురించి చర్చ జరగాల్సిందే. కానీ ముందుగా వచ్చింది చర్చ కాదు, వెక్కిరింపు. పనీపాటా లేకుండా తిరుగుతున్నారని, బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్నారని, ఊరికే గుళ్ళకీ పుట్టిళ్ళకీ పోతున్నారని. “తిరిగి ఆడది చెడింది” అన్న సామెతకి కొత్త తొడుగు. తీసుకుంటే ఏం? ఇంటిపని వెంట తెచ్చుకుని మరీ కిటికీ పక్కన సీటు పట్టుకున్న ఆ స్త్రీ, తన రెండు గంటల మధ్యాహ్నాన్ని ఇంటి లోపలి నుంచి రోడ్డు మీదికి తెచ్చుకుంది. వెల్లుల్లి ఎలాగూ ఆమే ఒలవాలి. ఒలుస్తూ ఈసారి గోదావరిని చూసింది.

కారణం చెప్పకుండా తిరిగే హక్కు గురించి మనం ఇంకా సరిగ్గా రాయలేదు. ఉద్యోగానికి, ఆసుపత్రికి, తీర్థయాత్రకి, బిడ్డల చదువుకి వెళ్ళే స్త్రీ గురించి రాశాం. ఊరికే వెళ్ళే స్త్రీ గురించి రాయాలి. మన అమ్మమ్మలు ఇంట్లో కూర్చుని చూసిన లోకాలను, మన పొలాల్లో పనిచేసినవాళ్ళు కాళ్ళతో తిరిగి వచ్చిన లోకాలను పక్కపక్కన పెట్టి రాయాలి. చెప్పగలిగినవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. వెళ్ళి అడగాలి.